మూడేళ్లు మిషన్‌తో చెరుకు కోయించినాక నా అనుభవం

కడప పక్కన కేసీ కెనాల్ కింద మాది నాలుగెకరాల చెరుకు. కోత ముఠాలు దొరక్క మూడేళ్లుగా బాడుగ హార్వెస్టర్‌తోనే కోయిస్తున్నా, గెడను ముక్కలు చేసి పక్కన నడిచే ట్రాలీలోకి పోసే రకం. మిషన్ మంచిదే, కానీ డ్రైవర్‌కి అప్పజెప్పి గట్టు మీద కూచుంటే మునిగినట్టే.

మొదటేడు నేనట్లే మునిగినా. టన్నుకింత అని మాట్లాడుకుంటిమి, ఆయప్ప తొందరలో ఉరికించి మొదలు జానెడు ఎత్తున వదిలేసినాడు. తీపంతా అడుగునే కదా, బరువూ పాయె చక్కెరా పాయె. పైగా బ్లేడ్లు మొద్దుబారి మోళ్లు తెగకుండా చీలిపోయినాయి, తర్వాత అవే మోళ్ల నుంచి మళ్లా మొలిచే కార్శి తోటలో యాడజూసినా సందులే.

ఇంకా పెద్ద దొంగ, మిషన్లో ఆకూ చెత్తా లాగి బయటికి ఇసిరే ఫ్యాన్. చెత్త ఎగరాలని స్పీడు పెంచితే ఆకుతో పాటు ముక్కల్ని కూడా లాగి నుజ్జు చేసి ఇసిరేస్తాది, నేల మీద ముక్కలు కనపడవు కాబట్టి ఏం పోలేదులే అనుకుంటాం. చెత్త చేత్తో పట్టుకుంటే జిగట, సాయంత్రానికి చీమలు బారులు కట్టినాయి, అప్పుడు తెలిసింది. ఇప్పుడైతే ముందు రెండు సాళ్లు కోయించి దిగి చూస్తా, ఆకు రసంతో తడిసుంటే ఫ్యాన్ తగ్గించమంటా. ట్రాలీలో చెత్త కాస్త పెరుగుతాది, ఫ్యాక్టరీలో తూకం తగ్గిస్తారు, అయినా నాకు అదే నయం అనిపించింది. మంచు ఆరినాక మొదలుపెడితే చెత్త సులభంగా పోతాది, ఫ్యాన్‌తో అంత పని ఉండదు.

మూడడుగుల సాళ్లలో చక్రాలు మోళ్లనే తొక్కేవి, అందుకే మూడో ఏడుకి ఐదడుగుల సాళ్లతో మళ్లా నాటినా, చివర్లో మిషన్ తిరిగేకి జాగా వదిలినా. ఆకు తగలబెట్టకుండా సాళ్లలోనే వదిలేస్తున్నా, కలుపు కూలి మిగిలింది.

ముక్కలు కోసినాక మాత్రం ఆగొద్దు, రెండు పక్కలా తెగుంటాయి గదా. ఒకసారి ఫ్యాక్టరీ క్యూలో ట్రాలీ రాత్రంతా నిలబడి తెల్లారేసరికి కల్లు వాసన. ఫ్యాక్టరీ టోకెన్ చేతికొచ్చేదాకా ఇప్పుడు మిషన్ పిలిపించను.

ఈసారి బ్లేడ్ల సెట్టు నేనే కొనిస్తానన్నా, డ్రైవరు నవ్వినాడు గానీ మార్చినాడు.