రొయ్యల ప్లాంటులో పర్యావరణ పద్ధతులు: కొన్నేళ్ల ఆచరణ తర్వాత నా సమీక్ష

భీమవరం పరిసరాల్లోని ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో, లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను. నీరు, కరెంటు, చెత్త విషయంలో యాజమాన్యం కొన్నేళ్ల కిందట ప్రవేశపెట్టిన పద్ధతులను మొదటి నుంచీ పాటిస్తున్న ఉద్యోగిగా, వాటిలో ఏవి మా రోజువారీ అలవాట్లుగా మారాయో, ఏవి గోడ మీది కాగితాలుగానే మిగిలాయో ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే బాగా పనిచేసినది మోకాలి కుళాయి. రొయ్యల పొట్టు ఒలిచే పీలింగ్ హాలు గుమ్మం దగ్గర మోకాలితో నొక్కితేనే నీరు వచ్చే కుళాయిలు ఉన్నాయి. ఇవి పరిశుభ్రత కోసం పెట్టినవి. రొయ్యను తాకే చేతులు కుళాయి పిడిని తాకకూడదన్నది నియమం. అయితే మోకాలు తీయగానే ధార ఆగిపోతుంది కాబట్టి, సబ్బు రుద్దుకునేంతసేపూ నీళ్లు వృథాగా పోవడం ఎవరూ చెప్పకుండానే మానిపోయింది. తర్వాత క్యాంటీనులోనూ ఇవే పెట్టారు. ఇప్పుడు మా ఇంట్లో మామూలు కుళాయి దగ్గర కూడా, సబ్బు అందుకునే ముందు చెయ్యి దానంతటదే నీళ్లు కట్టేస్తోంది. ప్లాంటు గోడకు ఏళ్ల తరబడి వేలాడిన ‘నీటిని పొదుపు చేయండి’ బోర్డు నాలో ఇంత మార్పు తేలేదు.

చుట్టూ కాలువలున్న చోట నీటి పొదుపేమిటని కొత్తగా చేరినవారు అడుగుతుంటారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి ఈ డెల్టా కాలువ నీటి మీదే బతుకుతోంది. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేసినప్పుడు, ముందుగా నింపుకున్న మంచినీటి చెరువే చాలా ఊళ్లకు దిక్కు. సముద్రం వైపు వెళ్లేకొద్దీ బోరు నీరు ఉప్పగా ఉంటుంది. రొయ్యల చెరువుల మీద బతికే పరిశ్రమ మాది కనుక, ఈ విషయంలో మా బాధ్యత ఇతరుల కంటే ఎక్కువని నేను గట్టిగా నమ్ముతాను.

నీటి శుద్ధి యంత్రం వదిలేసే నీటిని మొదట ఆవరణలోని మొక్కలకు పోయించారు. ఆ నీటిలో లవణాలు ఎక్కువ కావడంతో ఆకుల అంచులు మాడిపోయాయి. ఇప్పుడు దాన్ని మరుగుదొడ్లకు, నేల కడగడానికి మళ్లించారు. ఇది చూసి మా విభాగంలో కొందరు ఇంట్లో ఫిల్టరు గొట్టం కింద బకెట్టు పెట్టుకోవడం మొదలుపెట్టారు.

గదుల ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలన్న కేంద్ర నిబంధన 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతుంది. మా కార్యాలయంలోనూ 24 దగ్గరే స్థిరం చేశారు. మా ఉక్కపోతకు అది చాలదని మొదట్లో గొడవ జరిగింది, సీలింగ్ ఫ్యాన్లు తిప్పాక సద్దుమణిగింది.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసుల వంటి వాటిపై 2022 జూలై 1న నిషేధం వచ్చాక సమావేశాల్లో స్టీలు గ్లాసులు వాడుతున్నారు. మంచి నిర్ణయమే గానీ, ఆ గ్లాసులన్నీ కడిగే పని చాలాకాలం ఒక్క ఆయమ్మ మీదే పడింది. ఎవరి గ్లాసు వారే కడుక్కోవాలన్న నియమం వచ్చేదాకా నేను దీన్ని విజయంగా లెక్కించలేదు. ఒకరి అలవాటు మారడానికి మరొకరి నడుము విరగకూడదు.

తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం ప్లాంటు లోపల చక్కగా సాగుతోంది. రొయ్య తలలు, పొట్టు విడిగా అమ్ముడవుతాయి కాబట్టి, ఏది ఎందులో వేయాలన్న శ్రద్ధ పీలింగ్ హాల్లో ముందునుంచే ఉంది. ఇంటికి వచ్చేసరికి పరిస్థితి వేరు. పీలింగ్‌లో పనిచేసే ఒకావిడను అడిగితే, “ఇంటి కాడ కూడా ఏరి పెట్టేదాన్నండి. బండోళ్లు వచ్చి రెండూ ఒకదాంట్లోనే పోసేసేవారండి. ఇంకెందుకని మానేశానండి,” అన్నారు. ఆమెలో శ్రద్ధ లోపించిందని నేను అనలేను. పనిచోట నేర్చిన అలవాటు ఇంట్లో నిలబడాలంటే, గుమ్మం బయట కూడా దానికి తగిన ఏర్పాటు ఉండాలి. కుళాయి నా చేతిలో ఉంది కాబట్టి నా అలవాటు నిలిచింది. చెత్త బండి ఆమె చేతిలో లేదు.

కాగితం విషయంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ప్రింటరు రెండు వైపులా ముద్రించేలా మార్చారు, అంతే.

నాకున్న పెద్ద అసంతృప్తి రాకపోకల గురించి. కార్యాలయ సిబ్బందికి బస్సు ఉంది. అది వచ్చాక నాతో సహా చాలామంది మోటారు సైకిళ్లు ఇంటి దగ్గరే వదిలేస్తున్నారు. కాంట్రాక్టు కింద పీలింగ్‌కు వచ్చే మహిళలకు మాత్రం ఆ బస్సు లేదు. వాళ్లు సొంత డబ్బుతో షేర్ ఆటోల్లో కిక్కిరిసి వస్తున్నారు. రెండో షిఫ్టుకు వాళ్ల ఊళ్ల మీదుగా ఒక బస్సు నడపాలని మేము కొందరం కలిసి యాజమాన్యాన్ని రాతపూర్వకంగా కోరాము. జవాబు ఇంకా రాలేదు.