ఆటోట్యూన్ డబ్బానా, ఫ్లాషా? చేయి మారిన బండికి ఏది మేలు

సైలెన్సర్, ఫిల్టర్ మార్చేసిన సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లంతా నన్ను అడిగేది ఒకటే. "ఆటోట్యూన్ డబ్బా పెడితే దానంతట అదే సర్దుకుంటుంది కదా, ఇంక ఫ్లాష్ ఎందుకు?" (ఆటోట్యూన్ అంటే బండి నడుస్తుండగా పెట్రోలు పాళ్లు తనే సర్దడం. ఫ్లాష్ అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, లోపలి పట్టికల్నే తిరగరాయడం.) ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. పైగా ఈమధ్య నేనూ అలాంటి వి-ట్విన్ (V ఆకారంలో రెండు సిలిండర్లున్న బండి) ఒకటి కొని రెండు నెలలు దాంతో కుస్తీ పట్టాను. అంతకుముందు నేను చెప్పే జవాబు వేరు, ఇప్పుడు చెప్పేది వేరు.

రిచ్ అంటే ఏమిటి, లీన్ అంటే ఏమిటి అన్న దగ్గర్నుంచి మొదలుపెట్టను; గాలికి పెట్రోలు ఎక్కువైతే రిచ్, తక్కువైతే లీన్, అంతే. ఇథనాల్ సంగతి మాత్రం చెప్పాలి, సగం గొడవలు దాని మీదే కాబట్టి. సైలెన్సర్ పైపులో ఉండే ఆక్సిజన్ సెన్సర్ కొలిచేది లాంబ్డాని, అంటే గాలి-పెట్రోలు నిష్పత్తి సమతూకానికి ఎన్ని వంతులుందో; 1 అంటే సరిగ్గా సమతూకం. తెర మీద కనిపించే 14.7, 13.0 లాంటి అంకెలు ఆ లాంబ్డాని 14.7తో హెచ్చవేసి చూపించేవి. ఇథనాల్ లేని పెట్రోలుకు సమతూకం 14.7 (కిలో పెట్రోలుకు అన్ని కిలోల గాలి) అయితే, 10 శాతం కలిసినదానికి 14.1 దాకా దిగుతుంది. అయినా టార్గెట్ పట్టిక (ఏ ఆర్పీఎంలో, ఎంత థ్రాటిల్‌కి ఏ అంకె కావాలో గడి గడికీ రాసుకునేది) తిరగరాయక్కర్లేదు. ఫుల్ థ్రాటిల్‌లో 13.0 పెట్టారంటే ఏ పెట్రోలు పోసినా అది లాంబ్డా 0.88 కిందే లెక్క.

ఇక అసలు సంగతి. "దానంతట అదే" అనే మాట ఒకటే అయినా, దాని కింద అమ్ముతున్న సరుకు ఒకటి కాదు.

కంపెనీ బిగించిన న్యారోబ్యాండ్ సెన్సర్‌తోనే నేర్చుకునేవి కొన్ని. వాన్స్ అండ్ హైన్స్ ఎఫ్‌పీ3 ఈ కోవలోది. ఈ సెన్సర్ వోల్టేజీ సున్నాకీ ఒకటికీ మధ్య ఊగుతూ, సమతూకం దగ్గర సుమారు 0.45ని దాటుతుంది. మిశ్రమం గీతకి ఇటుందా, అటుందా అన్నంతవరకే దానికి తెలుసు. ఎంత దూరంలో ఉందో తెలియదు. నిదానంగా నడిపేటప్పుడు నేర్చుకున్నదాన్ని బట్టి ఇంజిన్ ఎంత గాలి పీలుస్తోందో లెక్కగట్టి, పై గడులకు అంచనా వేస్తుంది. స్లిప్-ఆన్ (సైలెన్సర్ చివరి ముక్క) ఒక్కటే మార్చిన బండికి ఇది బాగానే పనిచేస్తుంది. క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) మార్చిన బండి ఫుల్ థ్రాటిల్‌ని మాత్రం నేను అంచనా చేతిలో పెట్టను.

వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టుకుని, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ వైర్ల మధ్యలో కూర్చునే డబ్బాలు మరికొన్ని. డైనోజెట్ పవర్ కమాండర్ 5కి ఆటోట్యూన్ జోడిస్తే ఇదే అవుతుంది. డిమ్‌స్పోర్ట్ ర్యాపిడ్ బైక్, బజాజ్‌తో ఏ సంబంధమూ లేని బజ్జాజ్ జెడ్-ఎఫ్ఐ కూడా, వైడ్‌బ్యాండ్ జోడిస్తే, ఈ జాతే. ఈసీయూ తన లెక్క తను వేసుకుంటుంది, డబ్బా ఆ ఇంజెక్టర్ సమయాన్ని కొన్ని శాతాలు పెంచో తగ్గించో పంపుతుంది. వైడ్‌బ్యాండ్ ఉంది కాబట్టి ఎంత తేడా ఉందో నిజంగానే తెలుస్తుంది.

ఆ వైడ్‌బ్యాండ్ చెప్పినదాన్ని నేరుగా ఈసీయూ లోపలి పట్టికల్లోకి ఎక్కించే పద్ధతి ఇంకొకటి. హార్లీలకి పవర్ విజన్, టార్గెట్ ట్యూన్ జోడీ ఇదే చేస్తుంది. థండర్‌మాక్స్ అయితే ఏకంగా కంపెనీ ఈసీయూని తీసేసి తనే ఆ చోట కూర్చుంటుంది.

సెన్సరే లేకుండా క్రాంక్ వేగం ఎంత పెరిగిందో చూసి పెట్రోలు సర్దే కోబ్రా పవర్‌ప్రో కూడా ఉంది. ఉపాయం ముచ్చటగా ఉంటుంది కానీ అది ఏం నేర్చుకుందో మీకు కనబడదు, అందుకే నా జాబితాలో లేదు. గాలి ఉష్ణోగ్రత సెన్సర్‌కి రెసిస్టర్ తగిలించి ఈసీయూని మోసం చేసే చిన్న డబ్బాలు ఆటోట్యూనే కావు.

పోలికలన్నీ సాధారణంగా పికప్, మైలేజీ, వైరింగ్ చుట్టూ తిరుగుతాయి. కొత్త బండి అయితే అలాగే తిరగనివ్వండి. చేయి మారిన బండికి మాత్రం నేను ముందు చూసేది, ఈ పరికరం నేర్చుకున్నదాన్ని గడి గడికీ నాకు చూపిస్తుందా, "ఇక చాలు" అన్నప్పుడు ఆగుతుందా అని. ఎందుకంటే ఆటోట్యూన్ ఇంజిన్‌ని బాగుచేయదు. సెన్సర్ అంకెని టార్గెట్ అంకెకి కలుపుతుందంతే. ఆ అంకె ఎందుకు తప్పిందో దానికి పట్టదు.

నా బండి సంగతే వినండి. పాత యజమాని పెట్టిన డబ్బాలో ఏ మ్యాప్ (పెట్రోలు పట్టిక) ఉందో ఆయనకే తెలియదు. ముందు దాన్ని తీసేశాను. సైలెన్సర్ పైపులకి ఒక్కో వైడ్‌బ్యాండ్ బిగించి, ఫ్లాష్ పరికరంతో రాయించడం మొదలుపెట్టాను. మూడు రైడ్లయ్యాక పట్టిక తెరిస్తే, ముందు సిలిండర్ అన్నిచోట్లా 3 నుంచి 5 శాతం ఎక్కువ పెట్రోలు అడుగుతోంది. ఫిల్టర్ మార్చిన బండికి అది మామూలే. వెనక సిలిండర్ మాత్రం 3000 ఆర్పీఎం లోపు, థ్రాటిల్ 2 నుంచి 10 శాతం ఉన్న గడుల్లో ఏకంగా 14 నుంచి 18 శాతం అడుగుతోంది. థ్రాటిల్ తెరిచేకొద్దీ ఆ ఆకలి తగ్గుతూ, 60 శాతం దగ్గరికి వచ్చేసరికి 4కి దిగింది.

ఆ ఆకారం చూస్తే చాలు. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు ఇన్‌టేక్‌లో వాక్యూమ్ ఎక్కువ. ఎక్కడైనా చిల్లుంటే అక్కణ్నుంచి దూరే దొంగ గాలి, లోపలికెళ్లే మొత్తం గాలిలో పెద్ద వాటా అవుతుంది. థ్రాటిల్ తెరిస్తే వాక్యూమ్ పడిపోతుంది, ఆ చిల్లు లెక్కలోకి రాదు. ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి వెనక సిలిండర్ ఇన్‌టేక్ రబ్బరు చుట్టూ కార్బ్ క్లీనర్ కొట్టాను (ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కొట్టండి, అది అంటుకునే సరుకు). ఆర్పీఎం వెంటనే మారింది. రబ్బరు కింది అంచున వెంట్రుకంత పగులు. అది మార్చి, పట్టిక సున్నా చేసి మళ్లీ తిప్పితే వెనకది ముందుదాని పక్కకి వచ్చేసింది.

అదే నేను, ఏం నేర్చుకుందో చూపించకుండా సర్దేసే డబ్బా పెట్టి ఉంటే ఏమయ్యేది? 18 శాతం పెట్రోలు పోసి బండిని చక్కగా నడిపేది. నేనూ "భలే పనిచేస్తోంది" అని మీకు చెప్పేవాణ్ని. పగులు పెరిగి, డబ్బాకిచ్చిన హద్దు దాటాక, ఏదో ఒక రోజు దారి మధ్యలో అసలు సంగతి బయటపడేది.

మిగతా రోగాలకూ ఇలాంటి జాతకాలుంటాయి. పై ఆర్పీఎంలో, ఫుల్ థ్రాటిల్‌లో మాత్రమే ట్రిమ్ (పరికరం పెంచో తగ్గించో సర్దే పెట్రోలు శాతం) పెరుగుతోందంటే పెట్రోలు ఫిల్టరో పంపో చేతులెత్తేస్తోంది. అన్ని గడులూ ఒకే తీరున పెరిగితే ప్రెషర్ తక్కువ, లేదా ఇంజెక్టర్లు మురికి పట్టాయి. వారం వారం మారుతూ ఒకచోట కుదురుకోకపోతే నేను ముందు థ్రాటిల్ పొజిషన్ సెన్సర్నీ, కనెక్టర్లనీ అనుమానిస్తా. వాల్వ్ సెట్టింగ్, థ్రాటిల్ బాడీల సింక్ చూసుకోకుండా ఆటోట్యూన్ ఆన్ చేయడమంటే జ్వరం తగ్గకుండానే జిమ్‌కి పోవడం లాంటిది.

సెన్సర్ కూడా అబద్ధమాడుతుంది, అదీ పచ్చిగా. దానికి కనిపించేది పొగలో మిగిలిన ఆక్సిజన్. స్పార్క్ తప్పితే కాలని ఆక్సిజన్ అలాగే బయటికొస్తుంది. దాన్ని చూసి "లీన్" అంటుంది, డబ్బా ఇంకాస్త పెట్రోలు పోస్తుంది, ప్లగ్ ఇంకా తడుస్తుంది, మిస్‌ఫైర్ ఇంకా పెరుగుతుంది. సెన్సర్‌కి ముందు సైలెన్సర్ జాయింటు దగ్గర లీకున్నా ఇదే తంతు. మరీ పొట్టి పైపులున్న బండ్లలో తక్కువ ఆర్పీఎంలో బయటి గాలి పైపు చివర నుంచి వెనక్కి పీల్చుకుంటుంది. ఓవర్‌ల్యాప్ (రెండు వాల్వులూ ఒకేసారి తెరిచి ఉండే సమయం) ఎక్కువున్న క్యామ్ తోడైతే ఇక చెప్పక్కర్లేదు. అలాంటి బండిలో ఐడిల్ నుంచి 2000 దాకా ఉన్న గడుల్ని ఆటోట్యూన్‌కి వదలకండి, చేత్తో పెట్టుకోండి.

థ్రాటిల్ వదిలినప్పుడు టపటపా పేలితే అందరూ లీన్ అనేస్తారు. ఎక్కువసార్లు అది జాయింటు లీకో, సైలెన్సర్‌లోకి గాలి పంపే ఎయిర్ ఇంజెక్షన్ వాల్వో. దానికి పెట్రోలు పెంచడమంటే పేలడానికి మందు అందించడమే.

డబ్బా, ఫ్లాష్ రెండూ పక్కపక్కన పెడితే డబ్బాకున్న గొప్ప సుగుణం, తీసేస్తే బండి మళ్లీ మామూలుగా అయిపోవడం. ఈసీయూ తాళం తెరవలేని మోడళ్లకి అది తప్ప దారి లేదు. కానీ పాత వైరింగ్‌లో ఇంకో నాలుగు కనెక్టర్లు పెంచుతుంది. ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) జోలికి చాలా డబ్బాలు పోవు. నిదానంగా నడిపేటప్పుడు కంపెనీ సెన్సర్ ఇంకా బతికే ఉంటే, ఈసీయూ తన సమతూకం కోసం డబ్బాతో పోట్లాడుతుంది. అందుకే ఆ సెన్సర్‌ని పక్కకి తప్పించడానికి ఎలిమినేటర్ ప్లగ్గులిస్తారు. చాలామంది పెట్టడం మరిచిపోయి మైలేజీ పడిపోయిందని ఏడుస్తారు.

ఫ్లాష్‌లో ఈ బాధలుండవు. టైమింగ్, ఫ్యాన్ ఉష్ణోగ్రత, రెవ్ లిమిటర్ అన్నీ మీ చేతికొస్తాయి. క్యామ్ మార్చిన బండికి టైమింగ్ మార్చక తప్పదు కాబట్టి అక్కడ ఎంపికే లేదు. దీని చిక్కల్లా లైసెన్స్. చాలా ఫ్లాష్ పరికరాలు ఒక్క బండికే ముడిపడి ఉంటాయి. పాత యజమాని ఫ్లాష్ చేయించి పరికరం తన దగ్గరే అట్టేపెట్టుకుంటే, మీకు వేరే పరికరానికి మళ్లీ డబ్బు వదులుతుంది. తాళాలతో పాటు దాన్ని కూడా అడిగి తీసుకోండి.

డైనో (బండిని రోలర్ మీద నడిపి కొలిచే యంత్రం) మీద చేయి తిరిగిన మనిషి దొరికితే ఈ చర్చంతా అనవసరం, వెళ్లి చేయించుకోండి. రోడ్డు మీద ఎప్పటికీ నిలవని గడుల్లో కూడా ఆయన ఇంజిన్‌ని పట్టి నిలబెట్టి కొలవగలడు.

ఎప్పుడూ ఆటోట్యూన్ ఆన్‌లోనే ఉంచుకుంటే నష్టమేంటని అడుగుతారు. వైడ్‌బ్యాండ్ అరిగే వస్తువు. ముసలిదయ్యే కొద్దీ తప్పు చెబుతుంది, ఆ తప్పు వెనకే మీ పెట్రోలు పోతుంది. నేను ట్రిమ్‌లు రెండు మూడు శాతం లోపు స్థిరపడేదాకా తిప్పి, పట్టికని ఖాయం చేసి, సెన్సర్లు విప్పేసి రంధ్రాలకి బిరడాలు బిగించాను. కరెంటు తీసేసి సెన్సర్‌ని పైపులోనే వదలకండి, హీటర్ లేకపోతే మసి పట్టి చస్తుంది. బిగించేటప్పుడు కూడా పక్కకి పడుకోబెట్టకుండా కనీసం 10 డిగ్రీలు పైకి వాలి ఉండేలా చూడండి, లేకపోతే నీరు చేరుతుంది.

విప్పేముందు చివరిసారి చూసినప్పుడు కూడా వెనక సిలిండర్ ముందుదానికంటే 2 శాతం ఎక్కువే అడుగుతోంది. రెండు పైపుల పొడవూ ఒకటి కాదు, ఆ మాత్రం తేడా దాని హక్కు. అలాగే వదిలేశాను.