లాజిస్టిక్స్, సప్లై చైన్ మేనేజ్‌మెంట్: తేడా ఎక్కడ?

లాజిస్టిక్స్ అంటే ప్రధానంగా సరుకు పని: రవాణా, గోడౌన్, నిల్వ, సమయానికి డెలివరీ. సప్లై చైన్ మేనేజ్‌మెంట్‌లో ఇదంతా ఒక భాగమే. 1982లో కన్సల్టెంట్ కీత్ ఆలివర్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో ముడిసరుకు ఇచ్చేవారి నుంచి దుకాణం దాకా అందరూ ఒకే అంచనాతో నడవాలి.

అసలు తేడా సమాచారంలో ఉంది. దుకాణంలో అమ్మకం కాస్త పెరిగితే డిస్ట్రిబ్యూటర్ ఇంకొంచెం ఎక్కువ ఆర్డర్ పెడతాడు, ఫ్యాక్టరీ అంతకు మించి తయారుచేస్తుంది. చివరికి అమ్ముడుపోని సరుకుతో గోడౌన్లు నిండిపోతాయి. దీన్నే బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. లారీలు వేగంగా తిరిగినంత మాత్రాన ఇది పోదు. దుకాణంలోని నిజమైన అమ్మకాల లెక్క అందరికీ కనిపించాలి.

ఒకే గోడౌన్ నుంచి పంపే చిన్న వ్యాపారానికి మంచి లాజిస్టిక్స్ చాలు. సరఫరాదారులు పెరిగితే మాత్రం నా ఓటు రెండోదానికే.