గుండుకూ గుర్తింపు కార్డుకూ మధ్య: రగ్బీ ఆన్‌లైన్ నమోదుతో ఐదు సీజన్లు

తిరుపతిలోని మా రగ్బీ క్లబ్బులో నాకు పదవంటూ ఏదీ లేదు. 2021లో ఒక సాయంత్రం సాధన అయ్యాక కుర్రవాళ్లు బూట్లు విప్పుకుంటూ "అన్నా, మీకు కంప్యూటర్ వచ్చు కదా" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆటగాళ్ల నమోదు నా నెత్తిన పడింది. అంతవరకు మా లెక్కలన్నీ ఒక పొడవాటి నోటు పుస్తకంలో ఉండేవి. ఇప్పటికి ఐదు సీజన్లయింది. ఏడాదికి ముప్ఫై నలభై మంది పిల్లల వివరాలు ఎక్కించి, సీజన్ మారినప్పుడల్లా పునరుద్ధరించి, వేరే క్లబ్బుకు వెళ్లేవాళ్లను సాగనంపిన అనుభవంతో ఇది రాస్తున్నాను. ఆటగాళ్లను నమోదు చేసే వెబ్‌సైటు పేరు చెప్పను. వాడుతున్నవాళ్లు ఎలాగూ గుర్తుపడతారు.

పద్ధతి వినడానికి సులువే. ఆటగాడు ఖాతా తెరిచి పేరు, పుట్టిన తేదీ, ఫొటో, ఆధార్ నకలు ఎక్కించాలి. పద్దెనిమిదేళ్లు నిండకపోతే తల్లి గాని తండ్రి గాని సమ్మతి తెలపాలి. తర్వాత క్లబ్బును ఎంచుకుంటే, క్లబ్బు తరఫున నేను ఆమోదిస్తాను. రుసుము కట్టాక కార్డు వస్తుంది. టోర్నమెంటుకు జట్టును పంపేటప్పుడు కార్డున్న పేర్లే జాబితాలోకి వస్తాయి. మొదటి ఏడాది పన్నెండు మందికి ఈ పని పూర్తి చేయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

పేరు దగ్గరే మొదటి తగువు. ఫారంలో మొదటి పేరుకు ఒక గడి, చివరి పేరుకు ఒక గడి ఉంటాయి. మనకేమో ఇంటిపేరు ముందు వస్తుంది. ఆధార్‌లో ఒకరికి ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఒకరికి ఒక్క అక్షరం ఉంటుంది, ఇంకొకరికి అసలే ఉండదు. పదో తరగతి మార్కుల జాబితాలో మళ్లీ మరోలా ఉంటుంది. చివరి పేరు ఖాళీగా వదిలితే ఫారం కదలదు, ఒక్క అక్షరం వేస్తే ఒప్పుకోదు. ఒక పిల్లవాడికి తండ్రి పేరు అతికించాం, మరొకడికి ఉన్న పేరే రెండుసార్లు రాశాం. పైగా మా ఊళ్లో శ్రీనివాసులు, వెంకటేశ్, మునిరాజా అనే పేర్లు వీధికి నాలుగు వినిపిస్తాయి. రెండో సీజన్‌లో ఒకే అబ్బాయికి రెండు ఖాతాలు తయారయ్యాయి. ఒకదాంట్లో రుసుము కట్టి ఉంది, రెండోదాంట్లో ఆమోదం ఉంది. ఆ రెండింటినీ కలిపించడానికి మూడు వారాలు తిరిగాను. అప్పటి నుంచి ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే, చుక్కలతో సహా ఎక్కిస్తున్నాను.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఫోనుది. ఒక నంబరుకు ఒకే ఖాతా అన్నది మొదట్లో నియమం. అది పెట్టినవాళ్లు అక్కాతమ్ముళ్లు కలిసి ఆడే ఇంటిని చూసి ఉండరు. మా దగ్గర ఒకే ఇంటి నుంచి ముగ్గురు ఆడతారు. ఇంట్లో ఉన్నవి రెండు ఫోన్లు, వాటిలో ఒకటి తండ్రి జేబులో రోజంతా తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కి దిగుతూ ఉంటుంది. ఆయన జీపు డ్రైవరు. ఓటీపీ గడువు కొన్ని నిమిషాలే. మలుపులో ఉన్న మనిషి ఫోను తీయరు, తీయకూడదు కూడా. గడువు తేదీ బ్రహ్మోత్సవాల వారంలో పడిన ఏడాది నా అవస్థ చెప్పనలవి కాదు. తల్లిదండ్రుల్లో సగం మందికి ఆ రోజుల్లో నిద్రే ఉండదు, ఇక సమ్మతి బటన్ ఎవరు నొక్కుతారు?

దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజున గంట ముందే లాగిన్ అయి కూర్చునే ఊరు మాది. 300 రూపాయల టికెట్ల కోసం అరడజను మంది యాత్రికుల వివరాలు చకచకా కొట్టగల నెట్ సెంటర్ అబ్బాయి కూడా మా ఫారం ముందు చేతులెత్తేశాడు. "స్వామి దర్శనమే నయం సార్" అన్నాడు. మూడో సీజన్‌లో కుటుంబ ఖాతా పెట్టారు. ఒక తల్లి లాగిన్ కింద ముగ్గురు పిల్లలూ వస్తారు. ఐదేళ్లలో వాళ్లు చేసిన అన్ని మార్పుల్లో నాకు నచ్చింది ఇదే.

జిల్లాల సంగతి కొంత నవ్వు తెప్పిస్తుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. వెబ్‌సైటులో మాత్రం మేము ఇంకో ఏడాది దాకా చిత్తూరు జిల్లాలోనే ఉన్నాం. తీరా తిరుపతి పేరు చేర్చాక, పాత పత్రాల్లో చిత్తూరు జిల్లా అని ఉన్న దరఖాస్తులన్నీ చిరునామా సరిపోలలేదంటూ వెనక్కి వచ్చాయి. హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లల్లో పలమనేరు అబ్బాయి చిత్తూరు జిల్లాలోనే మిగిలాడు, మదనపల్లె అబ్బాయి అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాడు, నెల్లూరు జిల్లా వాడైన గూడూరు అబ్బాయి మా జిల్లాలోకి వచ్చాడు. ఎవరూ ఇల్లు కదలలేదు. జిల్లా జట్టు ఎంపికల సమయంలో ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు గుండు కథ. పద్దెనిమిదేళ్ల లోపు టోర్నమెంటుకు వేరే ఊరు వెళ్లాం. బల్ల దగ్గర కూర్చున్నాయన కార్డులు చూస్తూ ఇద్దరి దగ్గర ఆగిపోయారు. కార్డులో నుదుటి మీదికి జుట్టు పడుతున్న కుర్రాళ్లు, ఎదురుగా నున్నగా మెరుస్తున్న రెండు గుండ్లు. ముందు వారమే మొక్కు తీర్చుకున్నారు. "తిరుపతి వాళ్లమండీ" అన్నాను, అదే రుజువైనట్టు. ఆయన నవ్వారు గాని ఒప్పుకోలేదు. ఒకడి ఫొటో పక్కన వాణ్ణి నిలబెట్టి చెవులు చూశారు, గడ్డం ఎత్తి చూశారు. చివరికి నా సంచీలో ఉన్న పదో తరగతి ధ్రువపత్రాల నకళ్లు కాపాడాయి. వాటిలో పుట్టుమచ్చల వివరాలు ఉంటాయి కదా. ఒకడికి కుడి మోచేతి మీద, రెండోవాడికి మెడ కింద. చొక్కా కాలరు పక్కకు లాగి చూపించాక ముద్ర వేశారు. మొదటి మ్యాచ్ మొదలవడానికి పది నిమిషాలు కూడా లేదు. వెబ్‌సైటులో ఫొటో మార్చుకునే వీలుంది, కానీ మార్చిన ప్రతిసారీ మళ్లీ ఆమోదం కావాలి. ఆమోదం వచ్చేలోపు జుట్టు మొలుస్తుంది. అందుకే కార్డులతో పాటు ఆ నకళ్ల కవరు ఎప్పుడూ నా వెంట ఉంటుంది.

ఆటగాడు ఏ స్థానంలో ఆడతాడని ఫారం అడుగుతుంది. జాబితాలో పదిహేను మంది ఆడే రగ్బీకి తగ్గ పదిహేను స్థానాలున్నాయి. మేమేమో ఎక్కువగా ఆడేది సెవెన్స్: జట్టుకు ఏడుగురు, సగానికి ఏడు నిమిషాలు, స్క్రమ్‌కు, అంటే రెండు జట్లవాళ్లు తలలు వంచి బంతి కోసం నెట్టుకునే గుంపుకు, ముగ్గురు. 2016 రియో ఒలింపిక్స్‌లో చేరిన ఆట అదే. ఫ్లాంకర్ అంటే పదిహేను మంది ఆటలో స్క్రమ్ పక్కన ఉండేవాడు, సెవెన్స్‌లో ఆ స్థానమే లేదు. అదేమిటో ఎరగని పిల్లవాడు పేరు బాగుందని దాన్నే ఎంచుకున్నాడు. వదిలేశాను.

ఒక్కచోట మాత్రం ఈ వెబ్‌సైటుకు రుణపడి ఉన్నాను. రగ్బీలో తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వచ్చినా ఆటగాణ్ణి బయటికి తీసేయాలి. ఆ రోజు మళ్లీ దింపకూడదు, ఆ తర్వాత కూడా విశ్రాంతితో మొదలుపెట్టి మెట్టు మెట్టుగానే ఆటలోకి తేవాలి. చెప్పడం తేలికే. మా పిల్లల్లో చాలామంది కబడ్డీ నుంచి వచ్చినవాళ్లు, దెబ్బ దాచుకోవడం మగతనం అనుకుంటారు. నాలుగో సీజన్‌లో మా ప్రధాన ఆటగాడు ట్యాకిల్‌లో, అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేసేటప్పుడు, తల తగిలి, లేచాక స్కోరు ఎంతో చెప్పలేకపోయాడు. కోచ్ ఆ సంగతి నమోదు చేయగానే వాడి పేరు జట్టు జాబితాలో బూడిదరంగులోకి మారింది. డాక్టర్ కాగితం ఎక్కించేదాకా నొక్కినా కదలదు. రెండు వారాల తర్వాత సెమీఫైనల్. వాడు బతిమాలాడు, వాళ్ల మామ ఫోను చేశాడు, మా కోచ్ కూడా కొంచెం మెత్తబడ్డాడు. నేనే కాగితం మీద జట్టు రాసే రోజులైతే ఏం చేసేవాణ్ణో చెప్పలేను. "నా చేతుల్లో లేదు, కంప్యూటర్ తీసుకోవడం లేదు" అనగలిగాను. మ్యాచ్ ఓడిపోయాం.

చెల్లింపు గురించి పెద్దగా చెప్పేది లేదు. డబ్బు ఖాతాలో కట్ అయి రసీదు రాకపోవడం ఏడాదికి రెండు మూడుసార్లు జరుగుతుంది, వారంలో తిరిగి వస్తుంది. ఈలోగా మళ్లీ కట్టేది నేనే. క్లబ్బు మారే పద్ధతి బాగుంది. ఇంజినీరింగ్‌కు చెన్నై వెళ్లిన అబ్బాయి అక్కడి నుంచే కోరాడు, నేను ఇక్కడ ఒక బటన్ నొక్కాను, అంతే.

అసలు గొడవ సభ్యత్వంతో. నమోదైన ప్రతి ఆటగాణ్ణీ ఈ వెబ్‌సైటు క్లబ్బు సభ్యుడిగా లెక్కేస్తుంది. ఆడనివాళ్లకు కోచ్, రెఫరీ అని రెండే గడులు. రోజూ తెల్లవారుజామున నీళ్ల క్యాన్లు మోసుకొచ్చే ఒక తండ్రి, మోకాలు పోయి ఆట మానేసినా ఏటా చందా కట్టే మా పాత కెప్టెన్ దాని కంటికి కనబడరు. సర్వసభ్య సమావేశం కోసం సభ్యుల జాబితా తీస్తే పద్నాలుగేళ్ల పిల్లలకు ఓటుంది, వాళ్లిద్దరికీ లేదు. కాబట్టి చందాల లెక్క ఇప్పటికీ ఆ పొడవాటి నోటు పుస్తకంలోనే రాస్తున్నాను.

సభ్యులు జారిపోతే ఏమవుతుందో మన దేశపు రగ్బీకి మొదట్లోనే తెలిసింది. 1873లో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ పెట్టారు. పేరు ఫుట్‌బాల్, ఆట రగ్బీ. ఉచితంగా పోసే మద్యం ఆపేశాక సభ్యులు పలచబడ్డారని చెబుతారు. చివరికి క్లబ్బు మూసేసి, మిగిలిన 270 వెండి రూపాయలు కరిగించి ఒక కప్పు చేయించారు. పిడులుగా నాగుపాములు, మూత మీద ఏనుగు. 1879 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్ దాని కోసం తలపడుతున్నాయి. మా దగ్గర పోసేది మజ్జిగ, అది ఆపే ఆలోచన లేదు.

2025 జూన్‌లో ముంబయిలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదటిసారి జరిగింది. అందులో హైదరాబాద్ హీరోస్ ఆడేసరికి మా మైదానానికి ఒకే వారంలో పంతొమ్మిది మంది కొత్త పిల్లలు వచ్చారు. ఉత్సాహంలో అందరినీ నమోదు చేశాను. నెల తిరిగేసరికి ఎనిమిది మంది మిగిలారు. పోయినవాళ్ల రుసుము తిరిగి రాదు, చూసి పోదామని వచ్చేవాళ్ల కోసం వేరే ఏర్పాటూ లేదు. ఇప్పుడు నాలుగు వారాలు వరసగా సాధనకు వస్తేనే లాప్‌టాప్ తెరుస్తున్నాను.

ఈ సీజన్‌కు ముప్ఫై ఒక్క మంది పునరుద్ధరణ పూర్తయింది. ఇంకా ముగ్గురి సమ్మతి రావాలి, ముగ్గురూ ఆ ఒక్క ఇంటి పిల్లలే. కుటుంబ ఖాతాకు ఇచ్చిన ఫోను పాడైతే తండ్రి నంబరు పెట్టాం. పొద్దున ఫోను చేస్తే ఆయన కొండ మీద ఉన్నారు, దిగాక చేస్తానన్నారు.