నాలుగేళ్ల వాడకంలో ఏఎంబీఈ-3000: చిన్న ప్యాకెట్టే ఎక్కువ సతాయించింది

హనుమకొండలోని మా ఇంట్లో హామ్ రేడియో పనికి ఏఎంబీఈ-3000 స్పీచ్ కోడెక్ చిప్‌ను (మాటను కుదించి, తిరిగి విప్పే చిప్) నాలుగేళ్లుగా వాడుతున్నాను. కాజీపేటలోని మిత్రునితో రాత్రిపూట డీ-స్టార్ అనే డిజిటల్ హామ్ రేడియో పద్ధతిలో మాట్లాడడం కోసం దాన్ని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కు యూఎస్‌బీ ద్వారా తగిలించాను. గొంతు స్పష్టంగానే వస్తుంది. మనిషి మాట కోసమే రూపొందించిన కోడెక్ కనుక, వెనుక కుక్కర్ కూత వేస్తే మాత్రం అదేం శబ్దమో అవతలివారికి అంతుపట్టదు. నాకు పని పెట్టింది గొంతు కాదు, డేటా రాకపోకలు.

ఈ చిప్‌తో సాగే ఒక్కో డేటా కట్ట, అంటే ప్యాకెట్, హెక్స్ (పదహారు ఆధారంగా రాసే అంకె) 61 బైటుతో మొదలవుతుంది. ఆ తర్వాత రెండు బైట్లలో పొడవు, ఒక బైటులో రకం ఉంటాయి: 0 అయితే నియంత్రణ, 1 అయితే కుదించిన ధ్వని, 2 అయితే ముడి ధ్వని. సెకనుకు 8,000 నమూనాలు, నమూనాకు రెండు బైట్ల లెక్కన ఒక్కో 20 మిల్లీసెకన్ల ధ్వని తునకకు, అంటే ఫ్రేముకు, 320 బైట్ల ముడి ధ్వని ఉంటుంది; ముందుండే వివరాలతో కలిపి ప్యాకెట్ 326 బైట్లు. అదే ఫ్రేము కుదించాక 9 బైట్లే, ప్యాకెట్‌గా 15 బైట్లు. మొదట నేను సీరియల్ వేగాన్ని 115200 బాడ్ (సెకనుకు బిట్లు) దగ్గరే ఉంచి తప్పు చేశాను. ఆ వేగంలో ముడి ప్యాకెట్ ఒక్కటి దాటడానికే 28 మిల్లీసెకన్లు పడుతుంది, ఈలోగా తర్వాతి ఫ్రేము వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. 460800కు మార్చాక అది సుమారు 7 మిల్లీసెకన్లకు దిగింది.

అయినా మిత్రుడు "అన్నా, నీ మాట నడుమ నడుమ తెగుతాంది" అంటూనే ఉన్నాడు. వారం రోజులు ఏరియల్‌ను అనుమానించి మేడ మీద దాని దిశ మారుస్తూ గడిపాను. అసలు కారణం యూఎస్‌బీ-సీరియల్ మార్పిడి చిప్‌లో ఉంది. అది 62 బైట్లు పోగయ్యేదాకా, లేదంటే 16 మిల్లీసెకన్ల గడువు తీరేదాకా డేటాను కంప్యూటర్‌కు పంపదు. పెద్ద ప్యాకెట్ తన బరువుతోనే చాలావరకు ముందుకు నడుస్తుంది. 15 బైట్లది గడువు తీరేదాకా కూర్చుంటుంది. లినక్స్‌లో ఈ గడువును నిర్ణయించే లేటెన్సీ టైమర్‌ను 16 నుంచి 1కి తగ్గించిన రోజే మాట తెగడం ఆగిపోయింది.

రెండో చిక్కు కరెంటు పోయినప్పుడు బయటపడింది. ఇన్వర్టర్ అందుకునే క్షణంలో ఒకటి రెండు బైట్లు జారిపోయేవి. నా ప్రోగ్రాం 61 ఎక్కడ కనబడితే అక్కడే ప్యాకెట్ మొదలైందని నమ్మేది, కానీ ఆ విలువ ధ్వని డేటా మధ్యలోనూ రావచ్చు. అలా దొరికిన తప్పుడు పొడవును నమ్మి, ఎన్నటికీ రాని వేల బైట్ల కోసం ఎదురుచూసేది. ఇప్పుడు రకం, పొడవు పొసగితేనే అంగీకరిస్తున్నాను, ప్యారిటీని (బైట్లు చెడలేదని తేల్చే గుర్తును) కూడా తప్పక సరిచూస్తున్నాను. దానికి ప్యాకెట్‌కు రెండు బైట్లు అదనం, అది ఏమంత భారం కాదు.

గత ఏడాది నుంచి చిప్‌ను కోడెక్ మోడ్‌లో నడుపుతున్నాను. ఇందులో ముడి ధ్వని, మైకు ధ్వనిని అంకెలుగా మార్చే వేరే కోడెక్ చిప్‌తోనే నేరుగా సాగిపోతుంది కాబట్టి సీరియల్ తీగ మీద కుదించిన ప్యాకెట్లే మిగులుతాయి. అయితే ఇందులో 20 మిల్లీసెకన్ల లయను నా బోర్డు మీది గడియారపు క్రిస్టల్ నడుపుతుంది, అవతలి లయ మరొకటి. రెండింటికీ 50 పీపీఎం (పది లక్షలకు 50) తేడా ఉంటే గంటలో 180 మిల్లీసెకన్లు, అంటే 9 ఫ్రేములు, పోగుపడతాయి లేదా కొరవడతాయి. మాట ఆగిన చోట ఒక ఫ్రేము వదిలేయడమో, ఒకటి చేర్చడమో చేసి నెట్టుకొస్తున్నాను. మిత్రునికి ఇంతవరకు తేడా తెలియలేదు.