గ్రాండ్ కాన్యన్ నదికి ఏది మేలు: ఒకే రూలా, చూసి మార్చుకోవడమా?

అరిజోనాలో పేజ్ ఊరి పక్కన, హార్స్‌షూ బెండ్ అంచున ఫొటో దిగిన తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. కింద కొలరాడో నది పచ్చగా మెరుస్తుంది. అందమే, కానీ ఆ రంగు ఆ నదిది కాదు. కొలరాడో అంటే స్పానిష్‌లో ఎర్రనిది అని. గోదావరికి కొత్తనీరు వచ్చినప్పుడు చూస్తామే, అలాంటి రంగు. 1963లో ఎగువన గ్లెన్ కాన్యన్ డ్యామ్ నీళ్లు ఆపడం మొదలుపెట్టాక ఒండ్రు రిజర్వాయర్లోనే దిగిపోతోంది. దిగువ గ్రాండ్ కాన్యన్ నేషనల్ పార్కులోకి తేటనీరు వస్తోంది. ఒడ్డున ఇసుక తిన్నెలు కోసుకుపోతున్నాయి.

డ్యామ్ తీసేయరు. మరి నీళ్లు ఎలా వదలాలి?

మొదటి దారి, ఒక రూలు రాసుకుని దానికే కట్టుబడటం. పగలు 8 వేల క్యూసెక్కులకు, రాత్రి 5 వేలకు తగ్గకూడదని 1990ల్లో పెట్టిన కనీస ప్రవాహం అలాంటిదే. ఇది చిన్న విషయం కాదు. కరెంటుకు డిమాండ్ ఎంత పడిపోయినా నదిని ఎండగట్టే వీలుండదు. కానీ రూలు ఇసుకను తెచ్చిపెట్టదు.

రెండోది అడాప్టివ్ మేనేజ్‌మెంట్: చేసి చూడటం, కొలవడం, తప్పయితే మార్చడం. 1996 వసంతంలో ఏడు రోజులు 45 వేల క్యూసెక్కులు వదిలి వరద పుట్టించారు. తిన్నెలు లేచాయి. తీరా లెక్క చూస్తే, ఆ ఇసుకలో చాలా భాగం నది అడుగు నుంచి కాదు, పాత తిన్నెల నుంచే వచ్చింది. అందుకే పద్ధతి మార్చారు. డ్యామ్ దిగువన కలిసే పరియా అనే చిన్న ఏరు వానలకు ఇసుక మోసుకొచ్చాకే వరద వదలాలని 2012లో నియమం రాసుకున్నారు. మొదటి వరదనే ఏటా మక్కీకి మక్కీ వదిలి ఉంటే, ఉన్న తిన్నెలే అరిగిపోయేవి.

నాకు బాగా నచ్చింది పురుగుల సంగతి. చేపలకు తిండి అయ్యే కొన్ని పురుగులు నీటి అంచున గుడ్లు పెడతాయి. కరెంటు కోసం పెంచిన నీరు గంటల్లో దిగిపోతే గుడ్లు ఎండిపోతాయి. 2018 నుంచి మూడు వేసవులు శని, ఆదివారాల్లో నీటిని తక్కువ మట్టంలో కదలకుండా ఉంచారు. అప్పుడు పెట్టిన గుడ్లు సోమవారం నీరు పెరిగినా తడిగానే ఉంటాయి. డిమాండ్ తక్కువుండే రోజులు కాబట్టి నష్టమూ తక్కువే. ఆ ఒడ్డున కూర్చుని పురుగుల్ని గమనించినవాళ్లకే తట్టే ఆలోచన ఇది.

నా ఓటు రెండోదానికే. కనీస ప్రవాహం మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు, మార్పులన్నీ అంతకు పైన ఉన్న నీటితోనే జరగాలి. ఎంత ఇసుక చేరితే వరద వదలాలో ముందే రాసి ఉండాలి. రాసినా 2021 శరదృతువులో ఇసుక చేరాక కూడా, రిజర్వాయర్ అడుగంటిందని వరద ఆపేశారు. ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ బాధే.

అదే నీటి కొరత ఇంకో చిక్కు తెచ్చింది. మట్టం దిగడంతో పైపొరలోని వెచ్చటి నీరు టర్బైన్ల గుండా కిందికి వచ్చింది, దాంతో స్మాల్‌మౌత్ బాస్ అనే బయటి చేప 2022లో డ్యామ్ దిగువన పిల్లలు పెట్టింది. అక్కడ ఎప్పటినుంచో బతుకుతున్న మూపురపు చేప (హంప్‌బ్యాక్ చబ్) పిల్లల్ని ఈ బాస్ తినేస్తుంది. 2024 వేసవిలో టర్బైన్లను తప్పించి లోతు నుంచి చల్లటి నీరు కలిపి వదిలారు. ఆ మేరకు కరెంటు వదులుకున్నారు. పాత రూల్లో ఈ బాస్ ఊసే లేదు.