పాతికేళ్ల తర్వాత మళ్లీ మోడల్ కిట్: టామియా 1/72 జీరోతో మూడేళ్లు

ఆర్కే బీచ్‌కి వాకింగ్‌కి వెళ్లిన ప్రతిసారీ మ్యూజియంగా పెట్టిన టీయూ-142 నేవీ విమానం పక్కనుంచే నడుస్తాను. అందుకే మూడేళ్ల కిందట మళ్లీ మోడల్స్, అంటే ప్లాస్టిక్ ముక్కలు అతికించి రంగు వేసే బుల్లి విమానాలు, చేద్దామని బుద్ధి పుట్టగానే ముందు దాని కిట్ కోసమే వెతికాను. అసలు విమానం రెక్కల వెడల్పు 50 మీటర్లు. నాకు కావాల్సింది 1/72 సైజు, అంటే అసలుదానిలో డెబ్బైరెండో వంతు. 72తో భాగిస్తే 69 సెంటీమీటర్లు. మా హాల్లో షోకేసు వెడల్పు 60. ఆ ముచ్చట అక్కడితో సరి.

చిన్నప్పుడు మర్చంట్ నేవీలో ఉన్న మామయ్య సింగపూర్ నుంచి తెస్తే మూడు కిట్లు చేశాను. తర్వాత చదువు, ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టులు, పిల్లలు. చేతులకి పని గుర్తుంటుందిలే అనుకున్నాను. గుర్తుంది గానీ ఈలోగా కళ్లకి చత్వారం వచ్చింది.

మొదట చవగ్గా దొరికిందని ఊరూ పేరూ తెలియని ఒక ఫైటర్ కిట్ కొన్నాను. రెక్కకీ ఒంటికీ మధ్య రూపాయి బిళ్ల దూరేంత సందు. పుట్టీ పెట్టడం, ఆరబెట్టడం, రుద్దడం, మళ్లీ పుట్టీ. మూడో వారానికి డబ్బా అటకెక్కింది. హాబీ కూడా దాంతోపాటే అటకెక్కేదే.

రెండోసారి కొన్నది జపాన్ కంపెనీ టామియా వాళ్ల 1/72 జీరో. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాడిన ఫైటర్ అది, అందులో ఎ6ఎం2బి అనే రకం. సులువైన కిట్ అంటే ముక్కలు తక్కువున్నది అనుకుంటాం. నేనిప్పుడు ముక్కలు లెక్కపెట్టను, రంగులు ఎన్నిచోట్ల కలుస్తున్నాయో చూస్తాను. చత్వారం కళ్లకి అతికించే పని కష్టం కాదు, గీత తిన్నగా గీయడమే కష్టం. ఈ తొలి రకం జీరోకి ఒళ్లంతా ఒకటే బూడిద రంగు, ముందు ఇంజిన్ మూత మాత్రం నలుపు. కింద ఒక రంగు, పైన మచ్చలు అనే గొడవ లేదు. రెక్కల వెడల్పు 16.7 సెంటీమీటర్లు, అగ్గిపెట్టెలు మూడు వరసగా పెట్టినంత.

డబ్బా విప్పుతుంటే మా నాన్నగారు చూశారు. "ఒరే, మీ తాతని ఊరొదిలించిన విమానం తెచ్చి ఇంట్లో పెడతావేట్రా?" అన్నారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులు పడ్డాక మా తాతయ్యవాళ్లు బండి కట్టుకుని చోడవరం వైపు వెళ్లిపోయారట. అవి ర్యూజో అనే జపాన్ విమాన వాహక నౌక మీంచి వచ్చిన బాంబర్లు నాన్నా, ఇది ఫైటర్ అని చెప్పాను. "ఏదైతేనేం, ఒక గూటి పక్షులే కదా" అన్నారు.

అమరిక విషయానికొస్తే, ఒంటి రెండు చెక్కలూ కలిపి పట్టుకుంటే గమ్ము లేకుండానే నిలబడ్డాయి. పల్చటి సిమెంటు కుంచెతో అంచుకి ఆనిస్తే చాలు, సందులోకి దానంతటదే పాకి ప్లాస్టిక్‌ని కాస్త కరిగించి కలిపేస్తుంది. మొత్తం విమానంలో నాకు పుట్టీ అవసరం పడలేదు. ఒకే ఒక్క తప్పు, ముక్కల్ని అవి అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం నుంచి గోళ్ల కట్టర్‌తో తీశాను. అది ఒక చక్రం కాడని కొరికేసింది. సైడ్ కట్టర్ కొనండి, ఇక్కడ పిసినారితనం వద్దు. రుద్దడానికి మాత్రం ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదు. పూర్ణా మార్కెట్ దగ్గర హార్డ్‌వేర్ షాపులో 600, 1000 నంబర్ల వాటర్ పేపర్ దొరుకుతుంది. అన్నట్టు, ఈ పక్క సామాను ఖర్చు కిట్ ధరని దాటింది. ముందే తెలిస్తే మంచిది.

కష్టపడాల్సింది కాక్‌పిట్ మీది అద్దం దగ్గర. జీరో అద్దానికి కిటికీ చువ్వల్లా బోలెడు ఫ్రేములు, ఒక్కోదాని మధ్య మాస్కింగ్ టేపు కోసి అంటించాలి. రెండు ఆదివారాలు పట్టింది. ఆ అద్దాన్ని సూపర్ గ్లూతో మాత్రం అంటించకండి, ఆవిరి పట్టి లోపల తెల్లగా మసకబారుతుంది. మన ఫెవికాలే నయం, ఆరాక కనిపించదు.

రంగు దగ్గర విశాఖ గాలి తన సంగతి చూపించింది. టామియా రంగుల్లో ఎక్స్‌ఎఫ్-76 నంబరు బూడిద పచ్చ రంగుని కుంచెతోనే వేశాను. కింది కోటు ఆరకముందే పైది వేస్తే కుంచె కింది రంగుని లాక్కొచ్చేస్తుంది. వానాకాలంలో ఒక రాత్రి ఆగాల్సిందే. అసలు టెన్షన్ ఆఖర్న వచ్చింది. సాయంత్రం ముసురు పట్టి ఉంటే బాల్కనీలో నిలబడి మ్యాట్ వార్నిష్ స్ప్రే కొట్టాను. పది నిమిషాల్లో విమానం మీద బూజు పట్టినట్టు తెల్లటి పొర. స్ప్రేలోని ద్రవం ఆరేటప్పుడు పైభాగం చల్లబడుతుంది, గాలిలోని తేమ వచ్చి దానిమీద పడుతుంది. ఆ రాత్రి అన్నం సయించలేదు. నాలుగు రోజుల తర్వాత ఎండ కాసినప్పుడు ఇంకో పల్చటి కోటు కొడితే చాలావరకు పోయింది. ఎడమ రెక్క కింద కొంచెం ఉండిపోయింది, అది ఎవరికీ చూపించను.

మూడేళ్లయింది. సముద్రం గాలికి ఇంట్లో తాళాలే తుప్పు పడుతున్నాయి గానీ దీని రంగు చెక్కు చెదరలేదు. రెక్క మీద అంటించిన జపాన్ గుర్తు, ఆ ఎర్ర సూర్యుడి బొమ్మలు, ఒక పక్క వెండి పొరలా మెరుస్తాయి. గరుకు రంగు మీద నేరుగా అంటించడం నా పొరపాటు, అడుగున గాలి చిక్కింది. ముందు నున్నగా మెరిసే వార్నిష్ (గ్లాస్) కోటు వేసుకోవాలి. తర్వాత ఇదే కిట్ ఇంకొకటి కొని ఆ పని సరిగ్గా చేశాను. రెండోది పదకొండు రోజుల్లో అయిపోయింది.

పన్నెండేళ్ల లోపు పిల్లలకి కొనిపెట్టేటట్లయితే ఇది వద్దు, చిన్న ముక్కలు ఎక్కువ. రంగు, కుంచె, గమ్ము అన్నీ డబ్బాలోనే వచ్చే ఎయిర్‌ఫిక్స్ స్టార్టర్ సెట్ తీసుకోండి. విమానమే కావాలన్న పట్టుదల లేకపోతే జలాంతర్గామి ఇంకా సుఖం, అద్దమే ఉండదు. బీచ్‌లో ఉన్న కురుసుర పొడవు 91 మీటర్లు, అదే ఫాక్స్‌ట్రాట్ అనే రకం జలాంతర్గామిని 1/350లో చేస్తే 26 సెంటీమీటర్లు. ఎవరి షోకేసులోనైనా పడుతుంది.

ఎడమ రెక్క అంచున సూదిలా ముందుకి పొడుచుకొచ్చే గొట్టం ఒకటుంది, వేగం కొలవడానికి. దుమ్ము దులుపుతూ మొదటి ఏడాదే విరగ్గొట్టాను. ప్లాస్టిక్‌ది మళ్లీ పెడితే మళ్లీ విరిగేదే. నాన్నగారి ఇన్సులిన్ సిరంజి సూది సరిగ్గా ఆ మందమే ఉందనిపించి, వాడేసినదాన్ని శుభ్రం చేసి, మొన తీసేసి అతికించాను. అప్పట్నుంచీ ఆయన షోకేసు పక్కనుంచి వెళ్లినప్పుడల్లా వంగి చూస్తారు. "నా సూది బాగానే ఉందిరా" అంటారు.